లిస్టు అడిగితే ఇవ్వకండి

"అన్నా, మంచి కొరియన్ సినిమాలుంటే ఒక లిస్టు పంపవా" అని ఎవరైనా అడిగితే చాలు, మనకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చేస్తుంది. ఫోన్ తీసి ఇరవై ముప్పై పేర్లు టకటకా కొట్టేస్తాం. అడిగింది కొరియా అయినా జపాన్ కూడా కలిపేస్తాం, పనిలో పనిగా ఇరాన్, హాంకాంగ్, చివర్లో "ఇవి చూడకపోతే నువ్వసలు సినిమాలు చూసినట్టే కాదు" అని ఒక దెప్పుడు. అవతలివాడు దండం పెట్టిన బొమ్మ ఒకటి పంపిస్తాడు. ఆ లిస్టు వాట్సాప్‌లో అలా కిందికి జారిపోతుంది, అందులో ఒక్కటంటే ఒక్కటి కూడా వాడు చూడడు. చూసినా, లిస్టులో మొదటి పేరు ఏదుంటే అది పెట్టి, అరగంటకి నిద్రొచ్చి, "ఇవన్నీ మనకి ఎక్కవులే" అని తేల్చేసి మళ్ళీ మామూలే.

తప్పు వాడిది కాదు, లిస్టు ఇచ్చినవాళ్ళది. లిస్టు అనేది అడిగినవాడి కోసం రాసేది కానే కాదు, మనం ఎన్ని చూశామో చెప్పుకోడానికి రాసుకునేది. కొత్తగా చూడాలనుకునేవాళ్ళకి ఒకే ఒక్క సినిమా చెప్పాలి. అది కూడా సినిమా ఎంత గొప్పదో చూసి కాదు, అడిగిన మనిషి ఎవరో, ఏం పని చేస్తాడో, ఇంట్లో ఏ గొడవలున్నాయో చూసి చెప్పాలి. ఈ వ్యాసమంతా ఈ ఒక్క ముక్క గురించే.

అసలు "ఆసియా సినిమా" అనే మాటే ఒక పెద్ద గోనెసంచి. టెహ్రాన్ కోర్టులో జరిగే కథకీ, తోక్యో శివార్లలో జరిగే కథకీ, బ్యాంకాక్ సందులో జరిగే కథకీ ఏం సంబంధం? యూరప్ చిత్రోత్సవాల వాళ్ళు తమకి తూర్పున ఉన్నవన్నీ ఒక అరలో పెట్టారు, మనం ఆ అరని అలాగే ఎత్తుకొచ్చుకున్నాం. అందుకే ఏ లిస్టు చూసినా అవే పేర్లు: సెవెన్ సమురాయ్, రషోమాన్, టోక్యో స్టోరీ, ఓల్డ్‌బాయ్, ఇన్ ద మూడ్ ఫర్ లవ్, స్పిరిటెడ్ అవే, పారసైట్. వీటిలో ఒక్కటి కూడా చెడ్డ సినిమా కాదు, ఆ మాటకొస్తే సగం నాకు ప్రాణం. కానీ ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదయ్యే మనిషికి, ఇంతవరకు ఒక్క జపాన్ సినిమా కూడా చూడనివాడికి, 207 నిమిషాల నలుపు తెలుపు సెవెన్ సమురాయ్ మొదటి సినిమాగా చెప్పడం అంటే వాడి మీద కక్ష తీర్చుకోడమే.

టోక్యో స్టోరీ సంగతే తీసుకుందాం. యాసుజిరో ఓజు 1953లో తీశాడు. 2012లో సైట్ అండ్ సౌండ్ పత్రిక దర్శకులని అడిగితే వాళ్ళు దీన్నే ప్రపంచంలో మొదటి స్థానంలో నిలబెట్టారు. అంత పేరుంది కాబట్టి సినిమా పిచ్చి కొత్తగా పట్టిన ఇరవై రెండేళ్ళ కుర్రాడికి ముందు దీన్నే చెప్తారు. కెమెరా చాప మీద కూర్చున్న మనిషి కళ్ళంత ఎత్తులో ఉంటుంది, దాదాపు కదలదు, ఎవరూ గట్టిగా అరవరు. కుర్రాడికి నచ్చకపోతే అందులో వింతేముంది?

అదే సినిమా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి తిరిగొచ్చిన తల్లిదండ్రులకి చూపించండి. ఒనోమిచి అనే చిన్న ఊరి నుంచి ముసలి దంపతులు పిల్లల్ని చూడ్డానికి తోక్యో వస్తారు. కొడుకు డాక్టరు, కూతురు బ్యూటీ పార్లర్ నడుపుతుంది, ఇద్దరికీ తీరిక లేదు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అదే అసలు ఇబ్బంది. కాస్త డబ్బులు వేసుకుని అమ్మానాన్నల్ని అతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపించేస్తారు, వీళ్ళకి సరదాగా ఉంటుంది మనకి పని జరుగుతుంది అని. అక్కడ హోటల్లో రాత్రంతా కుర్రకారు పాటలు, ఆటలు, గోల. వీళ్ళకి నిద్ర పట్టదు. పొద్దున్నే సముద్రం గట్టు మీద కూర్చుని, ఇంక ఇంటికి వెళ్ళిపోదాం అనుకుంటారు. లేవబోతూ ఆవిడ ఒక్క క్షణం తూలుతుంది. అంతే, సినిమా దాని గురించి ఇంకేమీ అనదు. యుద్ధంలో చనిపోయిన కొడుకు భార్య, అంటే విధవ కోడలు, ఆ అమ్మాయి ఒక్కతే సెలవు పెట్టుకుని వాళ్ళకి ఊరు తిప్పి చూపిస్తుంది. మా పెద్దవాళ్ళలో ఈ సినిమా చూసినవాళ్ళెవరూ స్లోగా ఉంది అనలేదు. "ఆ కూతురు చూడు, అచ్చం మనవాళ్ళే" అన్నారు. ఓజు అర్థం కావాలంటే సినిమా చదువు ఉండాలి అనేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. చదువు కాదు, ఆ వయసూ ఆ అనుభవమూ ఉంటే చాలు. పాతికేళ్ళవాళ్ళకి ఓజు కావాలంటే గుడ్ మార్నింగ్ ఉంది, 1959లో వచ్చిన రంగుల సినిమా. టీవీ కొనిపెట్టలేదని ఇద్దరు పిల్లలు ఇంట్లో మౌనవ్రతం పట్టే కథ, అపానవాయువు జోకులతో సహా. ఎంత పెద్దమనిషైనా అలాంటి జోకులు వేస్తాడని మన లిస్టులవాళ్ళు ఎవరికీ చెప్పరు మరి.

ఇంజనీరింగ్ చదివే పిల్లలకి, ఇంటర్ ముగించి ఇంకా ఆ వేడి తగ్గనివాళ్ళకి నేను చెప్పేది థాయ్ సినిమా బ్యాడ్ జీనియస్, 2017ది. థాయ్‌లాండ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి వేరే ఉన్నాయి, సరే. ఇందులో లిన్ అనే అమ్మాయి బడిపంతులు కూతురు, చదువులో చురుకు, స్కాలర్‌షిప్ మీద డబ్బున్నవాళ్ళ బడిలో చేరుతుంది. స్నేహితురాలికి సాయం చెయ్యడంతో మొదలై, ఆబ్జెక్టివ్ ప్రశ్నల జవాబుల్ని వేళ్ళతో పియానో వాయించినట్టు బల్ల మీద తట్టి చెప్పే పద్ధతి కనిపెడుతుంది. ఎ అంటే ఒక వరస, బి అంటే ఇంకో వరస. వెనక బెంచీల వాళ్ళందరూ ఆమె వేళ్ళ వంకే చూస్తూ బబ్లింగ్ చేస్తుంటారు. ఆ తరవాత ఇది విదేశీ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష దాకా పోతుంది. సిడ్నీలో ముందు రాసి, బ్యాంకాక్‌లో పరీక్ష మొదలయ్యేలోపు జవాబులు పంపించాలి. తుపాకీ లేదు, కారు ఛేజింగ్ లేదు, పెన్సిళ్ళూ ఓఎమ్మార్ షీట్లూ గడియారం ముల్లూ మాత్రమే, అయినా కుర్చీలో కుదురుగా కూర్చోలేం.

ఈ కథ మనకి కాక ఇంకెవరికి అర్థమవుతుంది చెప్పండి? ఫలితాలొచ్చిన రోజు టీవీల్లో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు అరిచే ప్రకటనల మధ్య పెరిగాం. 2016లో తెలంగాణలో ఎంసెట్-2 పేపర్ లీకై, పరీక్ష రద్దై, పిల్లలు మళ్ళీ రాయాల్సి వచ్చింది. హాస్టల్ గదుల్లో జరిగిన ఘోరాలు సరేసరి. మరి మన దగ్గర ఈ విషయం మీద ఇంత పట్టుగా తీసిన థ్రిల్లర్ ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ సినిమా లిన్‌ని దొంగ అని తేల్చి చేతులు దులుపుకోదు. ఆ బడి సీటు కోసం "డొనేషన్" పేరుతో వాళ్ళ నాన్న దగ్గర కూడా డబ్బు గుంజారని ఆమెకి తెలిసే చోటు ఒకటుంది. బడి చేస్తే డొనేషన్, నేను చేస్తే మోసమా అన్న ఆ కోపమే సినిమా మొత్తాన్ని నడిపిస్తుంది. దీన్ని చూసిన పిల్లలు మర్నాడే "ఇలాంటివి ఇంకేమున్నాయి" అని అడుగుతారు. కొత్తవాళ్ళకి చెప్పిన సినిమా పని చేసిందా లేదా అనేదానికి నా దగ్గరున్న కొలత ఆ ప్రశ్న ఒక్కటే.

ఇక సెవెన్ సమురాయ్, రషోమాన్ తీసిన జపాన్ దర్శకుడు కురొసావా. ఈయన పేరు చెప్పగానే కత్తులు, గుర్రాలు, వాన. అందుకే చాలామంది ఆయన దగ్గరకే పోరు. నన్నడిగితే ఆయన దగ్గరికి పోయే దారి 1963లో వచ్చిన హై అండ్ లో. యోకోహామాలో కొండ మీద ఏసీ ఇల్లు, ఇంటాయన గోండో చెప్పుల కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఉన్నదంతా తాకట్టు పెట్టి కంపెనీని తన చేతుల్లోకి తెచ్చుకోబోతున్న రాత్రి ఫోన్ వస్తుంది, నీ కొడుకుని ఎత్తుకెళ్ళాం, 3 కోట్ల యెన్‌లు పట్రా అని. తీరా చూస్తే కొడుకు ఇంట్లోనే ఉన్నాడు, దొంగ పొరపాటున డ్రైవర్ కొడుకుని ఎత్తుకెళ్ళాడు. ఇప్పుడు డబ్బు కట్టాలా, అక్కర్లేదా? దాదాపు గంటసేపు సినిమా ఆ ఇంటి హాలు దాటదు. ఆ గంటలో డ్రైవరు ఎక్కడ నిలబడతాడో చూడండి. కొడుకు ప్రాణం పోయేలా ఉన్నా యజమాని ఎదురుగా రాలేడు, గోడవారగా, తలుపు దగ్గర, తల వంచుకుని ఉంటాడు. మన ఇళ్ళల్లో పనివాళ్ళు ఎక్కడ నిలబడతారో తెలిసినవాడికి ఆ నిలుచోడం గురించి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

అందులోనే ఒక చిన్న ఘట్టం. డబ్బు పెట్టే సంచుల్లో పోలీసులు రెండు రకాల పొడులు దాచాలి, ఒకటి తడిస్తే కంపు కొడుతుంది, ఇంకోటి కాల్చితే రంగు పొగ వస్తుంది. పోలీసులకి ఆ కుట్టుపని చేతకాదు. అప్పుడు గోండో లోపలికెళ్ళి తన పాత పనిముట్ల పెట్టె తెచ్చుకుంటాడు. అంత పెద్ద మనిషీ ఒకప్పుడు చెప్పులు కుట్టినవాడే. నేల మీద కూర్చుని, తోలు కోసి, తన ఆస్తి మొత్తం పట్టుకుపోయే సంచులకి తనే కుట్టు వేస్తాడు. చుట్టూ ఉన్న డిటెక్టివులు మాట్లాడకుండా చూస్తుంటారు. గోండోగా వేసిన తోషిరో మిఫునె కత్తి పట్టిన సినిమాలన్నీ ఒక ఎత్తు, ఆ సూది పట్టుకున్న రెండు నిమిషాలు ఒక ఎత్తు. ఆ తరవాత రైలు, ఏడు సెంటీమీటర్లే తెరుచుకునే కిటికీ, ఇంకా తరవాత నలుపు తెలుపు సినిమాలో ఒకే ఒక్కచోట కనపడే గులాబీ రంగు పొగ. ఇవి నేను చెప్పను, చూడండి. ఇది చూశాక పారసైట్ మళ్ళీ చూస్తే, కొండ మీద ఇల్లూ దిగువన ఇరుకు గదీ అనే సంగతి ఎంత పాతదో తెలుస్తుంది. లిస్టులన్నీ పారసైట్‌తో మొదలై వెనక్కి పోతాయి, నేను ఇటునుంచి అటు పంపిస్తాను.

ప్రభుత్వ ఉద్యోగం చేసే బాబాయిలకీ మావయ్యలకీ అయితే కురొసావాదే, 1952 నాటి ఇకిరు. మునిసిపాలిటీ ఆఫీసులో ఒక సెక్షన్ హెడ్, ముప్ఫై ఏళ్ళుగా కాయితాల మీద ముద్ర వేసుకుంటూ బతికినవాడు, కడుపులో కాన్సర్ అని తెలిశాక ఏం చేశాడన్నది కథ. మొదట్లోనే కొంతమంది ఆడవాళ్ళు మా పేటలో మురుగు గుంట పూడ్చండి అని అర్జీ పట్టుకొస్తారు. ఆ సెక్షన్ కాదమ్మా ఈ సెక్షన్, ఇది కాదు హెల్త్, హెల్త్ కాదు పార్కులు, పార్కులు కాదు డ్రైనేజీ అని కౌంటరు తరవాత కౌంటరు తిప్పి తిప్పి చివరికి మొదలుపెట్టిన కౌంటరుకే తెచ్చి నిలబెడతారు. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఒక్కసారి తిరిగినవాళ్ళకి చాలు, పొట్ట చెక్కలవుతుంది. సినిమా చివరి భాగం ఆయన చనిపోయాక పెద్దకార్యంలాంటి కూటమిలో నడుస్తుంది. పార్కు కట్టిన పేరు డిప్యూటీ మేయరు కొట్టేస్తాడు, కింది ఉద్యోగులు తాగి కన్నీళ్ళు పెట్టుకుని రేపట్నుంచి మేమూ ఆయనలాగే పని చేస్తాం అని ఒట్లు పెట్టుకుంటారు, మర్నాడు ఆఫీసులో ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు. జపాన్ సినిమానా, ఎవరో మన జిల్లా కలెక్టరేట్‌లో కూర్చుని రాసుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు ఓల్డ్‌బాయ్ జబ్బు గురించి. కొరియా అంటే రక్తం, సుత్తి, పగ, ఒళ్ళు గగుర్పొడిచే మలుపు, అని ఒక ముద్ర పడిపోయింది. కుర్రవాళ్ళు ఒకరికొకరు "దమ్ముంటే ఇది చూడరా" అని పందెంలాగా చెప్పుకుంటారు. ఓల్డ్‌బాయ్ 2003లో వచ్చింది, మరుసటి ఏడు కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి బహుమతి కొట్టింది, ఆ వరండా కొట్లాట దృశ్యం నిజంగానే అద్భుతం. కాదనను. కానీ మొదటి సినిమాగా అది చూసినవాడు ఆ తరవాత అంతకన్నా ఘాటైనది వెతుక్కుంటాడు తప్ప అంతకన్నా మంచిది వెతుక్కోడు. దాంతో లీ చాంగ్-డాంగ్ లాంటి నిదానమైన కొరియా దర్శకుడి సినిమా ఎదురుపడితే "ఇందులో ఏమీ జరగట్లేదే" అంటాడు. దీనికి తోడు ఇంకో జబ్బు, కొరియన్ సినిమా చూడ్డమే మనవాళ్ళు ఎక్కడ కాపీ కొట్టారో పట్టుకోడానికి చూడ్డం. ఎస్సై పంచనామా రాసినట్టు సీను పక్కన సీను పెట్టి వీడియోలు చేస్తారు. కాపీ కొట్టడం తప్పే, కానీ మిస్ గ్రానీని హక్కులు తీసుకుని ఓ బేబీగా 2019లో, మిడ్‌నైట్ రన్నర్స్‌ని శాకిని డాకినిగా 2022లో మనవాళ్ళు తీసిన సంగతి కూడా చెప్పుకోవాలి కదా. మన దృశ్యం కథ చైనాకి వెళ్ళి 2019లో షీప్ వితౌట్ ఎ షెపర్డ్ అయింది. కథలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.

క్రైమ్ అంటే చెవి కోసుకునేవాడికి ఓల్డ్‌బాయ్ బదులు అదే ఏడాది వచ్చిన, పారసైట్ తీసిన బాంగ్ జూన్-హో సినిమా మెమరీస్ ఆఫ్ మర్డర్ చెప్పండి. 1986 నుంచి 1991 వరకు హ్వాసంగ్ అనే పల్లెటూరి ప్రాంతంలో ఆడవాళ్ళని వరసగా చంపిన నిజం కేసు. సినిమా పండిన వరిచేలో మొదలవుతుంది. మన గోదావరి జిల్లాలో తీశారంటే నమ్మేయొచ్చు. గట్టు పక్కన తూములో శవం, దాన్ని వంగి చూసే డిటెక్టివు, పక్కనే కూర్చుని అతను అన్న ప్రతి మాటనీ వెక్కిరిస్తూ తిరిగి అప్పజెప్పే ఒక పిల్లాడు. ఇంకో శవం దొరికిన చోట కెమెరా ఎక్కడా కోత లేకుండా తిరుగుతూ చూపిస్తుంది: ఊరి జనం గుంపు, పిల్లల పరుగులు, గట్టు మీద నుంచి జారిపడే పెద్ద ఆఫీసరు, తొక్కొద్దురా అని గీసిన ఒకే ఒక్క అడుగుజాడ మీదుగా వెళ్ళిపోయే ట్రాక్టరు. నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకే ఈ కేసు ఎన్నటికీ తేలదు అని అర్థమైపోతుంది. ఈ పోలీసులు థర్డ్ డిగ్రీ వాడతారు, అమాయకుల చేత ఒప్పించుకుంటారు, మంత్రగాళ్ళ దగ్గరికి పోతారు, ఇదంతా మనకి తెలియని లోకమేం కాదు. సినిమా వచ్చేనాటికి హంతకుడు దొరకలేదు. 2019లో డీఎన్‌ఏ సాయంతో, ఇంకో హత్యకి అప్పటికే జైల్లో ఉన్న ఒకతనే అని తేలింది. ఇది తెలిసి ఆఖరి షాట్‌లో ఆ డిటెక్టివుగా వేసిన సాంగ్ కాంగ్-హో మన కళ్ళలోకి చూసే చూపు మళ్ళీ చూస్తే కడుపులో తిప్పుతుంది.

సబ్‌టైటిల్స్ గురించి ఒక మాట గట్టిగానే అనాలి. 2020లో గోల్డెన్ గ్లోబ్ తీసుకుంటూ బాంగ్ జూన్-హో, ఒక్క అంగుళం ఎత్తున్న ఆ సబ్‌టైటిల్స్ గోడ దాటితే ఎన్నో గొప్ప సినిమాలు దొరుకుతాయని అన్నాడు. అప్పట్నుంచి ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న మనమంతా ఆ మాటని అందరి మీదా విసురుతున్నాం. ఆయన అన్నది అమెరికా వాళ్ళతో. వాళ్ళు చదవాల్సింది వాళ్ళ భాషలోనే. మా అమ్మ చదవాల్సింది కొరియన్ మాటలకి ఇంగ్లీషులో, అది కూడా రెండు సెకన్లలో మాయమైపోయే ఇంగ్లీషులో. ఆ గోడ ఆవిడకి అంగుళం కాదు, నిలువెత్తు. తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్న ఆసియా సినిమాలు వెతికితే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డబ్బింగ్ చూడొద్దు అంటారు సరే, జాకీ చాన్ సినిమాలు తెలుగు డబ్బింగ్‌లో చూసి పడీ పడీ నవ్విన తరం మనదే, అప్పుడేం ఇబ్బంది రాలేదు. అయితే ఇరాన్ వాళ్ళ ఎ సెపరేషన్ లాంటి సినిమాని డబ్బింగ్‌లో చూస్తే సగం పోతుంది, గొంతులోనే ఉంది కాబట్టి కథ.

దీనికి నా దగ్గరున్న మందు పాతదే. పక్కన కూర్చుని చెప్పడం. మూకీల కాలంలో జపాన్‌లో బెన్షీలు ఉండేవాళ్ళు, తెర పక్కన నిలబడి కథ చెప్తూ అన్ని పాత్రల గొంతులూ వాళ్ళే పలికేవాళ్ళు. జనం కొన్నిసార్లు హీరోని కాదు, బెన్షీని చూసి టికెట్ కొనేవాళ్ళు. కురొసావా అన్న కూడా బెన్షీయే. ఇంట్లో పెద్దవాళ్ళకి సినిమా చూపించాలంటే మనమే బెన్షీలం కావాలి. రిమోట్ చేతిలో పెట్టుకుని, అవసరమైనచోట ఆపి, రెండు ముక్కలు తెలుగులో చెప్పి మళ్ళీ నడిపించడం. సినిమా ప్రేమికులు ఇది వింటే మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

ఆ పద్ధతికి ఇరాన్ సినిమాలు బాగా కుదురుతాయి, ముఖ్యంగా పిల్లల కథలు. అబ్బాస్ కియరోస్తామీ 1987లో తీసిన వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్‌లో జరిగేదల్లా ఒకటే, బడిలో స్నేహితుడి నోటుబుక్కు పొరపాటున తన సంచిలో వచ్చేసింది, రేపు అందులో హోంవర్కు రాయకపోతే వాణ్ణి బడి నుంచి పంపించేస్తారు, పక్క ఊరెళ్ళి ఇచ్చి రావాలి. ఇంటి చిరునామా తెలియదు. పెద్దవాళ్ళెవరూ పిల్లాడి మాట పూర్తిగా వినరు, ఇదిగో ఈ పని చెయ్యి, రొట్టెలు తీసుకురా, ముందు హోంవర్కు చేసుకో. ఎన్నిసార్లు చెప్పినా తల్లి వినకపోతే పిల్లాడు పడే టెన్షన్ ఏ హిచ్‌కాక్ సినిమాకీ తీసిపోదు. మజిద్ మజీదీ చిల్డ్రన్ ఆఫ్ హెవెన్ (1997) ఇంకా సులువు, ఒకే బూట్ల జతని అన్నాచెల్లెళ్ళిద్దరూ పూటల వారీగా వేసుకుని బడికి పోతారు. దీనికి సబ్‌టైటిల్స్ అసలు లేకపోయినా ఫర్వాలేదు.

ఎ సెపరేషన్ మాత్రం లాయర్లకి, మధ్యవర్తిత్వాలు చేసే పెద్దమనుషులకి, భార్యాభర్తల పంచాయితీల్లో ఇరుక్కుని ఎవరి పక్షమో తేల్చుకోలేనివాళ్ళకి. అస్ఘర్ ఫర్హాదీ 2011లో తీశాడు, ఆస్కార్ వచ్చింది. మతిమరుపు జబ్బున్న మావగారిని చూసుకోడానికి పేదింటి ఆవిడని పనికి పెట్టుకుంటారు. మొదటిరోజే ఆ ముసలాయన బట్టలు తడుపుకుంటాడు. పరాయి మగవాడి బట్టలు మార్చడం పాపమేమో అని ఆమెకి భయం. ఫోన్ తీసి మతపెద్దలు నడిపే నంబరుకి చేసి, పరిస్థితి ఇదీ, చెయ్యొచ్చా అని అడుగుతుంది. పక్కనే ఉన్న చిన్న కూతురు, నాన్నకి చెప్పనులే అమ్మా అంటుంది. ఒక్క నిమిషంలో ఆ ఇంటి పరిస్థితి మొత్తం తెలిసిపోతుంది. ఆ తరవాత ఎవరు ఎవర్ని తోశారు, ఎవరు అబద్ధమాడారు అనే కోర్టు గొడవలో సినిమా మిమ్మల్ని పది నిమిషాలకోసారి పార్టీ మార్పిస్తుంది.

కుటుంబ కథలు మాత్రమే చూసేవాళ్ళకి జపాన్ దర్శకుడు కోరె-ఎదా 2013లో తీసిన లైక్ ఫాదర్, లైక్ సన్. ఆసుపత్రిలో పిల్లలు మారిపోయారు, అదీ కావాలనే మార్చారు. ఈ మాట వినగానే అల వైకుంఠపురములో గుర్తు రానివాళ్ళుంటారా? మన సినిమా ఆ పాయింటు మీద పాటలు, ఫైట్లు, నాన్నల మధ్య లెక్కలు తేల్చడం పెట్టింది, భేషుగ్గా పెట్టింది. కోరె-ఎదా అదే పాయింటుని ఆరేళ్ళ పిల్లల దగ్గర ఆపి, ఇప్పుడు మార్చుకుంటారా ఉంచుకుంటారా అని ఇద్దరు తండ్రుల్ని అడుగుతాడు. డబ్బున్న తండ్రి ఒకసారి కెమెరాలో పాత ఫొటోలు తిప్పుతుంటాడు. పెంచిన పిల్లాడు తనకి తెలియకుండా తీసినవి కనపడతాయి, చాలావాటిలో తను నిద్రపోతూనే ఉన్నాడు, ఎప్పుడూ ఆఫీసు పనితో అలిసి పడుకున్న నాన్నే పిల్లాడికి దొరికాడు మరి. మన సినిమా ఇష్టపడ్డవాడు దీన్ని కూడా ఇష్టపడతాడు, "అది మసాలా, ఇది కళ" అని మధ్యలో మనం గీత గీయకపోతే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, నాకు ఎప్పుడూ వచ్చేదే. ఇలా మనిషికి తగ్గట్టు చెప్తే వాడు తనకి తెలిసిన లోకంలోనే తిరుగుతాడు కదా, సినిమా చూసేదే తెలియనిది తెలుసుకోడానికి కదా అని. మాట నిజమే. కానీ తెలియని చోటికి ఎవరూ మొదటి రోజే పోరు. ఇకిరు చూసిన బాబాయి తరవాత నెలలో తనే సెవెన్ సమురాయ్ అడిగాడు, ఆయన్ని ఎవరూ బతిమాలలేదు. పైగా నేను చెప్పినవేవీ తేలికపాటి సరుకు కాదు, హై అండ్ లో, ఎ సెపరేషన్ ఏ లెక్కన చూసినా అగ్రశ్రేణే. సులువుగా లోపలికి రానిచ్చే సినిమా లోతు తక్కువది అనే లెక్క ఎక్కడిదో నాకు తెలియదు. థాయ్ దర్శకుడు అపిచట్‌పాంగ్ సినిమా అంకుల్ బూన్మీకి 2010లో కాన్ చిత్రోత్సవం పెద్ద బహుమతి పామ్ డోర్ వచ్చింది, నాకు ఇష్టం కూడా, అయినా దాన్ని కొత్తవాడికి చెప్పి వాడు నిద్రపోతే "నీకు అర్థం కాలేదు" అనడం మర్యాద కాదు. ఇంకో సంగతి, చూస్తూ మధ్యలో ఆపేశాను అని ఎవరైనా అంటే వెంటనే "ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్" వీడియో పంపకండి. వాడికి వివరణ కాదు కావాల్సింది, వేరే సినిమా.

ఇంతా చదివి "మరి సత్యజిత్ రాయ్ ఏడీ" అని అడిగేవాళ్ళుంటారు. నిజమే, మనమూ ఆసియానే, ఆ సంగతి మనమే మర్చిపోతాం. రాయ్ గురించి చెప్పేవాళ్ళు ఎలాగూ చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఇంకో పేరు చెప్తాను. మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ "కఫన్" కథని తెలుగులోనే ఒక ఊరి కథ అని తీశాడు. పని చెయ్యడమే దండగ అని నమ్మే తండ్రీ కొడుకులు, ఆ ఇంటికొచ్చిన కోడలు. సబ్‌టైటిల్స్ గొడవ లేదు, మన పల్లె, మన భాష. కొరియా, జపాన్ లిస్టులు నోటికి అప్పజెప్పే మన కుర్రాళ్ళలో దీన్ని చూసినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. మొదటి సినిమాగా మాత్రం దీన్ని చెప్పను, చాలా చేదుగా ఉంటుంది. బ్యాడ్ జీనియస్, మెమరీస్ ఆఫ్ మర్డర్ దాటొచ్చి, "ఇలాంటివి మన దగ్గర ఎవరూ తియ్యలేదా అన్నా" అని వాళ్ళంతట వాళ్ళు అడిగిన రోజున చెప్తాను.